పిల్ల మేత మానేసింది

ఏలూరులో బస్సెక్కి కొల్లేరు వైపు వెళ్తుంటే, ఐసు నీళ్ళు కారుస్తూ ఎదురొచ్చే చేపల లారీలు లెక్కపెట్టడం విసుగొచ్చి మానేసిన చోట దిగాలి. నా శాఖా గ్రంథాలయం అక్కడే. "నా" అంటున్నది గర్వంతో కాదు. ఇంకెవరూ "మాది" అని ముందుకు రాకపోవడంతో అది నాకు మిగిలిపోయింది. రెండు గదులు. ముందు గదిలో దినపత్రికలు, పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళు, కరెంటు పోయినా వాళ్ళ నిట్టూర్పులకే తిరిగే ఫ్యాను. వెనక గదిలో పుస్తకాల బీరువాలు, నేను. మాలో ఎవరు ముందు తుప్పు పడతారో చూడాలి.

అంతకుముందు ఏలూరులో చేశాను, తాడేపల్లిగూడెంలో చేశాను, నల్లజర్లలో కొన్నాళ్ళు చేశాను. పిల్లల పుస్తకాల గురించి నాకు తెలిసిందంతా ఆ ఊళ్ళలో నిలబడి నేర్చుకున్నదే, కూర్చోడానికి కుర్చీ ఖాళీ ఉండేది కాదు కాబట్టి. తాడేపల్లిగూడెంలో పెద్దవాళ్ళు పిల్లల పుస్తకాన్ని ఉల్లిపాయని నొక్కినట్టు నొక్కి చూసేవాళ్ళు. "నీతి ఉందాండీ ఇందులో?" అని ఒక్కటే ప్రశ్న. పక్కనున్న పిల్లవాడిదీ ఒక్కటే ప్రశ్న, "బొమ్మలున్నాయాండీ?" ఈ రెండు ప్రశ్నల మధ్య నలిగి నలిగి నా జుట్టు ఇలా అయింది గానీ, వయసు వల్ల కాదు. కథ చివర గీత గీసి దాని కింద "నీతి" అని వేస్తారే, ఆ భాగం మీద ప్రతి పుస్తకంలోనూ ఒక చిన్న బొటనవేలి మరక ఉంటుంది. పైకి చదివించేటప్పుడు పిల్లలు వేలుపెట్టి మూసేసే చోటు అది. అలా మూయగా మూయగా కొన్ని పుస్తకాల్లో నీతి పూర్తిగా అరిగిపోయింది. ఆ పుస్తకాలకే గిరాకీ ఎక్కువ.

ఈ ఊరికి బదిలీ అయ్యాక నేను చేసిన మొదటి ఘనకార్యం బోర్డు మార్పించడం. పాత బోర్డు మీద "బాలల విభాగము" అని ఉండేది. ఎండకీ వానకీ కొన్ని అక్షరాలు రాలిపోయి, మిగిలినవి కూడా సెలవు పెట్టే ఆలోచనలో ఉన్నాయి. కొత్తదాని మీద "ఇచ్చట పిల్లల పుస్తకములు లభించును" అని రాయించాను. కొల్లేటి మీద ఎగిరే గూడబాతు తల దించకుండా చదువుకోగలిగేంత అక్షరాలు.

బోర్డు పెట్టిన వారంలోనే ఒకాయన మోపెడ్ మీద వచ్చాడు. వెనక రెండు మేత బస్తాలు, మోకాళ్ళ దాకా బురద. గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూశాడు.

"పిల్లల పుస్తకాలు దొరుకుతాయంటగదండీ, మాస్టారూ?"

ఈ ప్రాంతంలో గ్రంథపాలకుణ్ణి లైబ్రరీ మాస్టారంటారు. బెత్తం లేని మాస్టారన్నమాట.

"బోల్డున్నాయి, రండి. ఎంత వయసు పిల్లలు?"

"మూడో నెల నడుస్తందండి."

మూడో నెలకే పుస్తకం! కడుపులో ఉండగానే కాన్వెంటులో సీటు చెప్పుకున్నవాళ్ళని ఏలూరులో చూశాను గానీ, ఈ ముందుచూపు వాళ్ళకీ లేదు. నాకు గౌరవం పెరిగింది. కుర్చీ లాగాను.

"ఎంతమందండీ?"

"లక్షండి. లక్షని దించాం. లోపల ఎన్నున్నాయో ఎవడు చూశాడండి."

అతిశయోక్తిలో నన్ను మించినవాడు ఇన్నాళ్ళకి దొరికాడని నేను మురిసిపోయాను. "మా ఇంట్లో ఇద్దరేనండి, వాళ్ళే లక్షమంది పెట్టు" అన్నాను.

"పొద్దున్నే లేచి నోళ్ళు తెరుస్తన్నాయండి."

"ఎవరింట్లోనైనా అంతేనండీ."

"పేలు కూడా పట్టినయ్యండి."

"మూడో నెలకే!"

"ఆయ్. రేపు నీళ్ళలో మందు కొడదామనుకుంటన్నాను. ఎంత కొట్టాలో పుస్తకంలో ఉంటదేమోనని."

పసిపిల్లల్ని నీళ్ళలోకి దించి మందు కొడతాననే తండ్రి వైపు అలా చూస్తూ ఉండిపోయాను. ఆయన నా వైపు అలాగే చూశాడు. ముందు గదిలో గ్రూప్స్‌కి చదివే కుర్రాడొకడు ఆగలేక, "చేపపిల్లలండీ మాస్టారూ! ఇక్కడ పిల్లలంటే చేపపిల్లలే" అని అరిచాడు. తర్వాత ఆ గదిలో నవ్వు ఎంతసేపు సాగిందంటే, ఆ పూట ఎవరూ రాజ్యాంగం చదవలేదు.

నిజమే. చేపల చెరువులున్న చోట మాటలకి వేరే అర్థాలుంటాయి. పిల్ల అంటే చెరువులో దించేది. ఆ పిల్లలకి పనికొచ్చే పుస్తకం మా దగ్గర లేదు. ఆయన్ని వట్టి చేతులతో పంపడం ఇష్టంలేక, చేప బొమ్మ అట్టమీదున్న పిల్లల పుస్తకం చేతిలో పెట్టాను. అందులో ఒక చేప కళ్ళజోడు పెట్టుకుని బడిలో పాఠం చెబుతుంది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది బొచ్చా అండీ, శీలావతా?"

"ఉపాధ్యాయిని అండీ."

"కళ్ళజోడు దేనిమీద ఆగిందండి? చెవుల్లేవుగా."

ఆ ప్రశ్న బొమ్మ వేసినవారికి రాలేదు, అచ్చువేసినవారికి రాలేదు, ఇన్నేళ్ళుగా పంచిపెడుతున్న నాకూ రాలేదు. "ఇంట్లో ఒకత్తుందండి. తొమ్మిదో క్లాసు అయింది. ఇది చూసి నవ్వుద్ది" అని, పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళాడు.

ఆ ఒకత్తి ఆదివారం సైకిల్ మీద వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇంకోటుందాండీ?" అంది. గ్రంథాలయంలో ఉద్యోగం చేసేవాడికి ఈ మాట వినపడితే ఏమవుతుందో బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పోటీ పరీక్షల పుస్తకం మార్చుకునేవాళ్ళు "కొత్త ఎడిషన్ వచ్చిందా" అంటారు గానీ, "ఇంకోటుందా" అనరు.

వేసవి సెలవులు అప్పుడే మొదలయ్యాయి. వాళ్ళుండేది ఊళ్ళో కాదు, చెరువు గట్టు మీద కాపలా మకాంలో. రేకుల షెడ్డు, చుట్టూ నీళ్ళు. ఆడుకోవడానికి తోటిపిల్లలు లేరు. ఫోను వాళ్ళ నాన్నది, అది ఎప్పుడూ చెరువు ఆసామితో మాట్లాడుతూనో ఆసామి తిడితే వింటూనో ఉంటుంది. ఆ పిల్లకి సెలవులంటే మా బీరువా ఒక్కటే. అయితే తండ్రి ఆమెతో చెప్పి పంపిన షరతు ఒకటుంది: పిల్లల పుస్తకాలయితేనే. పెద్దోళ్ళ పుస్తకాలు చదివితే బుర్ర పాడైపోద్ది, వచ్చే ఏడు టెన్త్.

ఆమె చదివేది చదివినట్టు ఉండేది కాదు, మేసినట్టు ఉండేది. చీమల అర ఖాళీ చేసి ఏనుగుల అరలోకి వచ్చింది. ఏనుగుల్ని పూర్తిచేసి రాజుల మీద పడింది. తిరిగిచ్చేటప్పుడు ఒక్కో పుస్తకం మీద ఒక్కో ఫిర్యాదు.

"రాజుగారికి ముగ్గురు కొడుకులుంటే పెద్దోళ్ళిద్దరూ ఎప్పుడూ దద్దమ్మలేనాండీ? నేనే పెద్దదాన్నయితే నా గురించి ఎవరూ రాయరా?"

"ఒక్కదానివే కదమ్మా. పెద్దా నువ్వే, చిన్నా నువ్వే."

"అయితే దద్దమ్మ ఎవరండీ?"

ఈ వరసలో బీరువా అయిపోయింది. పిల్లల కార్డు మీద పిల్లల బీరువాలోవే ఇవ్వాలని నిబంధన. పక్కనే పెద్దల బీరువాలు. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ రెండు బీరువాల మధ్య జానెడు సందు. మన భాషలో పిల్లలకి పుస్తకాలున్నాయి. పెద్దలకీ ఉన్నాయి. మధ్యలో ఉన్నవాళ్ళకి గైడ్లున్నాయి. కుందేలు సింహాన్ని గెలిచిన పేజీ తిప్పగానే కోడలు కళ్ళొత్తుకునే పేజీ వస్తుంది. ఆ రెండు పేజీల మధ్య మనిషికి ఓ అయిదారేళ్ళు పడతాయని రాసేవాళ్ళకి తట్టినట్టు లేదు. ఏలూరులో రైలెక్కినవాడు ఎక్కడా దిగకుండా ఏకంగా పెళ్ళిపందిట్లో దిగాలి. ఈ వయసువాళ్ళు ఇదివరకు ఎక్కడికి పోయేవారో నాకు తెలుసు. తాడేపల్లిగూడెంలో ఓ పిల్లవాడు పెద్దల నవల మధ్యలో భూగోళం పుస్తకం పెట్టుకుని చదవడం చూశాను. తిరగేసి పెట్టుకోవాలని వాడికి కంగారులో తెలియలేదు.

"మా చెరువుల్లో ఏడాది పిల్ల అని ఉంటదండీ" అందా అమ్మాయి ఓ రోజు, ఖాళీ అయిన బీరువా ముందు నిలబడి. "చిన్న చెరువులో కిక్కిరిసి పోసి, సగం మేత పెట్టి, ఏడాదిపాటు ఎదక్కుండా ఆపుతారు. చూడ్డానికి ఇంతే ఉంటది. పెద్ద చెరువులో వదిలితే మాత్రం ఆగదు, చూస్తుండగానే ఎదుగుద్ది."

"అయితే?"

"నన్నీ బీరువాలో ఆపేశారండీ మీరు."

ఇంత మాట పడ్డాక నిబంధనలు గుర్తుంటాయా? పెద్దల బీరువా కింది అరలో చెయ్యిపెట్టాను. ఒక లావు పుస్తకం తగిలింది. అట్ట ఎప్పుడో ఊడితే బైండింగు చేయించారు. ముందు పేజీలు లేవు కాబట్టి పేరు లేదు, రాసినవారెవరో తెలియదు. వీపు మీద "నవల" అని మాత్రం ఉంది. తెరిచి చూస్తే మొదటి పేజీలో ఉప్పు మళ్ళు, ఓ పిల్ల, ఉప్పు బండి లాగే గుడ్డి గుర్రం. గుర్రం ఉందంటే పిల్లల పుస్తకమే. షరతు తప్పలేదు, నిబంధన కాస్త వంగింది.

"మీరు చదివారాండీ?"

"ఈ గదిలో నేను చదవని పుస్తకం లేదు" అన్నాను. అదే సమయంలో బీరువా తలుపు ఎందుకో కిర్రుమంది.

నాలుగైదు రోజులు పోయాక తండ్రి వచ్చాడు. ఈసారి చెప్పులు విడవడం కూడా మర్చిపోయాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"పిల్ల మేత మానేసిందండి, మాస్టారూ."

మొదటిసారి నవ్వులపాలైనవాణ్ణి, రెండోసారి పడతానా? ఇక్కడికొచ్చాక చెరువుల కబుర్లు వినీ వినీ నేనూ సగం చేపల డాక్టర్నయ్యాను. మేత మానేసిందంటే జబ్బుకి మొదటి గుర్తు. కళ్ళజోడు సర్దుకున్నాను. నాకు చెవులున్నాయి కాబట్టి అది ఆగింది.

"ఆక్సిజన్ పడిపోయిందేమో చూశారా?"

"ఊపిరి బానే ఆడతందండి."

"నీళ్ళు మార్చారా?"

"మంచినీళ్ళు తాగట్లేదని కొబ్బరినీళ్ళు పట్టానండి."

"కొబ్బరినీళ్ళా! ఎకరానికి ఎన్ని కాయలు పడతాయండీ?"

నేను ఊపు మీదున్నాను. "ముందు సున్నం చల్లండి. రేపటికి తగ్గకపోతే వలేసి ఒకదాన్ని బయటికి లాగి కోసి చూడండి. లోపల ఏముందో తెలిసిపోతుంది."

"కోసి చూడమంటారా?" అన్నాడు. "కన్న కూతుర్నండీ!"

ముందు గదిలో పేజీలు తిప్పే చప్పుడు ఆగిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన మేత సంచి కాగితంలో చుట్టిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఉప్పు మళ్ళ నవల.

"ఇది చదివినకాడ్నించండి. నిన్నటేల నుంచి ముద్ద ముట్టలేదు. గుర్రం గుర్రం అని ఒకటే ఏడుపు. పిల్లల పుస్తకం అని మీరిచ్చారు, మీరిచ్చారని నేనూరుకున్నాను. మీ మీద కోపమేం లేదండి. ఇంక పుస్తకాలొద్దు. స్కూలువి చాలు."

"అదికాదండీ, ఒక్కసారి..."

"వద్దండి" అన్నాడు మర్యాదగా. గోదావరి జిల్లావాడు మర్యాదగా వద్దన్నాడంటే అది తలుపు వేసి గడియ పెట్టడమే.

మర్నాడు శుక్రవారం, మాకు సెలవు. ఆటోలో వెళ్ళి, దిగి, గట్టు మీద నడిచాను. ఆ గట్టు వెడల్పు నా నైతిక ప్రవర్తన అంత ఉంది, కాస్త పక్కకి జరిగితే నీళ్ళే. సంచిలో ఆ నవల. ఎందుకు తీసుకెళ్ళానంటే చెప్పలేను. నేరం జరిగిన చోటికి కత్తి పట్టుకెళ్ళినట్టే అది. నా బాధల్లా ఒకటే. "ఇంకోటుందా" అని అడిగిన పిల్లని నోరు మూయించిన మొదటి గ్రంథపాలకుణ్ణి నేను కాకూడదు.

మకాం ముందు పట్టా పరిచి, ఆమె తల్లి మామిడికాయ ముక్కలు ఎండబెడుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"రండి మాస్టారూ, కూర్చోండి. గుర్రంగారి తాలూకా మీరేనా?"

"నేనేనమ్మా."

"చెప్పండి ఈ తండ్రీకూతుళ్ళకి. పుస్తకంలో గుర్రం చస్తే ఇంట్లో అన్నం మానేస్తారా ఎవరన్నా? దీన్నని ఏం లాభం! మొన్న కరెంటు పోయి, గాలి ఆడక బొచ్చె చేపలు తేలిపోతే ఈయన మూడు పూటలు తినలేదు. ఆ చేపలు మావా? ఆసామివి."

"అది వేరు" అన్నాడు తండ్రి, షెడ్డు నీడలో వల బాగుచేసుకుంటూ.

"ఏం వేరు? అవి ఈదుతాయి, ఇది పరిగెడతాది. అంతేగా?"

అమ్మాయి గడప మీద కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. నేను గొంతు సవరించుకుని, పుస్తకాల్లో ప్రాణులు పోవడం గురించి, ఆ దుఃఖం మనిషిని ఎలా పెద్ద చేస్తుందో, ఎన్నో మంచిమాటలు మొదలుపెట్టాను. నాకే కన్నీళ్ళొచ్చేలా ఉన్నాయి. ఆ పిల్ల మధ్యలో ఆపింది.

"చచ్చిపోతదని నాకు ముందే తెలుసండీ. ముసలిది కదా. దానిగ్గాదు."

"మరి?"

"తర్వాత చేసినదానికి. మీరు చదివారుగా. తెలిసే ఇచ్చారు నాకు."

"ఏం చేశారమ్మా తర్వాత?"

నా సంచి వైపు చెయ్యి చూపించింది. నేను పుస్తకం తీశాను. ఎక్కడ ఆపిందో వెతకక్కర్లేదు, అక్కడ పేజీలు తడిసి ఉబ్బి ఉన్నాయి. పైకి చదివాను.

"తెల్లవారేసరికి గుర్రం ఉప్పు మడి గట్టు మీద తల ఆన్చి కళ్ళు మూసింది. పిల్ల దాని మెడ మీద చెయ్యి వేసి..." పేజీ తిప్పాను. "పైతోలు తీసి, శుభ్రముగా తుడిచి, పల్చని ముక్కలుగా కోసి, ఉప్పు పట్టించి, మూడు రోజులు ఊరనివ్వవలెను. ఊరిన రసము పారబోయరాదు."

వల బాగుచేసే చెయ్యి ఆగింది. "రామ రామ" అన్నాడు తండ్రి. ఈ వృత్తిలో ఎన్నో విషాదాంతాలు చూశాను గానీ, ఊరబెట్టిన విషాదం ఇదే మొదలు.

తల్లి మాత్రం చేతిలో ముక్క అలాగే పట్టుకుని, తల పక్కకి వంచి వింటోంది.

"తర్వాత ముక్కలు పిండి ఎండలో పెట్టమన్నాడా?"

చూశాను. "పెట్టమన్నాడమ్మా."

"మెంతిపిండి?"

పేజీ తిప్పాను. "ఉంది."

"ఇంగువ పోపు?"

"అదీ ఉంది."

"ఓరి మీ తెలివి తెల్లారా! మాగాయే ఇది" అంది, ముందున్న పట్టా మీదకి చెయ్యి చాపి. "ఇదిగో, ఇదే. గుర్రానికి మెంతిపిండి ఎవరు పెడతారే? ఆ పేజీ ఒక్కటి తిప్పి చూడాలని తోచలేదా నీకు? అయినా మెంతులు ఎక్కువ చెప్పాడు, చేదొస్తది."

బైండింగు చేసినవాడి పని అది. నవలా, పచ్చళ్ళ పుస్తకమూ ఒకే మూటలో పంపి ఉంటారు. అట్టలూడి కలిసిపోయిన కాగితాల్ని కొలత చూసి కుట్టేశాడు, కథ చూసి కాదు. గుర్రం కథ చివరి పేజీలు ఎక్కడో పచ్చళ్ళ పుస్తకానికి వెళ్ళిపోయి ఉంటాయి. ఏ ఇల్లాలో ముక్కలు కోస్తూ పేజీ తిప్పేసరికి గుర్రం పరిగెత్తుకుంటూ వచ్చి ఉంటుంది.

ఆ పిల్ల ఏడవలేదు, నవ్వలేదు. లేచి వచ్చి, నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, మెంతిపిండి దగ్గర్నుంచి చివరి దాకా చూసింది. కళ్ళల్లోకి ప్రాణం వచ్చింది. వెంటనే ఆ కళ్ళు నా మీద పడ్డాయి.

"అయితే అసలేమైందండీ చివర?"

"చివరా... చివర ఆ అమ్మాయి వాళ్ళ నాన్న వచ్చి..."

"నాన్న లేడండీ. మొదట్లోనే పోయాడు."

"అదే, మావయ్య."

"మావయ్యేగదండీ గుర్రాన్ని అమ్మేద్దామన్నది!"

వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను చదవలేదమ్మా" అన్నాను. ఇంతమంది సాక్షుల ముందు ఇంకేమంటాను?

తండ్రి వల పక్కన పెట్టాడు. "ఇంతకీ ఆ గుర్రం చచ్చిందని ఎక్కడ రాశాడండి?"

"కళ్ళు మూసిందని ఉంది కదండీ."

"గుడ్డిదండి అది! కళ్ళు మూస్తే ఏంటి, తెరిస్తే ఏంటి? పడుకునుంటది. ముసలి ప్రాణం, రాత్రంతా బండి లాగిందని ఇదే చెప్పింది. చేపలూ అంతే, తేలిపోయినయి అనుకుంటాం, కొత్తనీళ్ళు తగలగానే తోకాడిస్తాయి."

"కళ్ళు మూసింది అంటే పుస్తకంలో చచ్చిపోయిందనే నాన్నా."

"ఎవరు చెప్పారు నీకు? మాస్టారే చదవలేదుగా."

తండ్రీకూతుళ్ళు వాదనలో దిగారు. గుర్రం ఉప్పు మళ్ళలో ఎందుకు నిలబడలేకపోయింది, ఎడమకంటికి కాస్త చూపుందని ముందెక్కడో రాశారు కాబట్టి అది మూసిందంటే అర్థమేమిటి, మావయ్య కొనేవాడికి ఏం చెబుతాడు. వినేవాళ్ళు ఎవరైనా ఉంటే ఏదో పొలం తగాదా అనుకుంటారు. తల్లి లోపలికెళ్ళి, కంచంలో అన్నం కలుపుకొచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల "అలా అయితే ముందు పేజీలో బండి చక్రం ఎందుకు విరిగిందంటావు?" అంటూ ముద్ద నోట్లో పెట్టుకుంది. మాట్లాడుతూనే రెండోది పెట్టుకుంది. కలిపింది మాగాయని కూడా చూసుకోలేదు. తండ్రి చూశాడు. చూసి, నాకు కళ్ళతో సైగ చేశాడు, కదలొద్దని. వాదన కావాలనే సాగదీశాడు. ఓడిపోతున్న చోట కూడా ఒప్పుకోలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా ఆ గుర్రాన్ని ఆయన చావనివ్వలేదు.

అమ్మాయి చెయ్యి కడుక్కుని వచ్చి తండ్రి ముందు నిలబడింది. అడగలేదు, నిలబడింది. ఆయన వల దారం చివర ముడి వేసి, పళ్ళతో కొరికి తెంపాడు.

"మాస్టారూ, ఆ గుర్రం సంగతి తేల్చండి."

"వెతుకుతానండి. ఏలూరులో ఇంకో ప్రతి ఉందేమో చూస్తాను."

"ఎన్నాళ్ళు పడతది?"

"పేరు తెలియని పుస్తకం కదండీ. చెప్పలేను."

"అందాకా ఇది ఖాళీగా కూర్చుంటే మా బుర్ర తింటది. ఈలోపు ఇంకోటివ్వండి. కానీ వెనక చూసి ఇవ్వండి."

ఏలూరులో వెతికాను. తాడేపల్లిగూడెంలో పాత స్నేహితుడి చేత బీరువాలన్నీ తీయించాను. అత్తిలిలో ఒక గుర్రం ఉందని కబురొస్తే వెళ్ళాను గానీ, దానికి రెండు కళ్ళూ బాగా కనిపిస్తున్నాయి. పేరు, ఊరు, రాసినవారు లేని పుస్తకం ఎవరినడిగినా "మీకు ఒంట్లో బాగానే ఉందా" అన్నారు. ఇంకా వెతుకుతున్నాను. ఈలోగా పిల్లల బీరువాకీ పెద్దల బీరువాకీ మధ్య సందులో చిన్న బల్ల వేయించాను. దాని మీద రెండింటిలోంచీ ఏరిన పుస్తకాలు పెట్టాను. చిన్నప్పుడు అడవిలో దారి తప్పినవాళ్ళ కథలు, పట్నంలో దారి తప్పినవాళ్ళవి, ఇంట్లోనే ఉండి దారి తప్పినవాళ్ళవి. ప్రతిదీ ముందు నేను చదువుతున్నాను. ఈ వయసులో నాకీ శిక్ష సబబే. చదివాక తెలిసిందేమిటంటే, ఆ వయసు పిల్లలకి ఏ పుస్తకమైనా పనికొస్తుంది, అందులో వాళ్ళని దద్దమ్మలనుకోని మనిషి ఒక్కడుంటే చాలు. నీతి లేకపోయినా ఫరవాలేదు. ముగింపు మాత్రం ఉండాలి.

ఇప్పుడు ఆదివారం ఆ అమ్మాయి ఒక్కతే రాదు. మోపెడ్ మీద తండ్రే తీసుకొస్తాడు. నా మాట మీద ఆయనకి నమ్మకం లేదు, ఆ సంగతి మర్యాదగా దాచుకుంటాడు. బల్ల మీది పుస్తకం ఏది ఆమె చేతిలోకి తీసుకున్నా, ముందు ఆయన అందుకుంటాడు. సంతలో చేప మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసినట్టు, వెనక అట్ట ఎత్తి చివరి పేజీ చూస్తాడు. కుట్టు లాగి చూస్తాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఆ పేజీ మొత్తం చదువుతాడు. పోటీ పరీక్షల కుర్రాళ్ళు తలలెత్తి చూస్తారు.

మొన్న ఆదివారం అలాగే చదివి, తృప్తిగా తలాడించాడు. "ఇది పర్లేదమ్మా. పడవ దొరికింది, ఆ కుర్రోడు ఇంటికొచ్చేశాడు. తీసుకో."

"నాన్నా!" అని ఆ పిల్ల తల పట్టుకుంది. తర్వాత ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టేసి నా వైపు తిరిగింది. "ఇది అయిపోయిందండీ. ఇంకోటివ్వండి."

ఇంకోటి తీశాను. ఆమె చెయ్యి చాపింది. తండ్రి చెయ్యే ముందొచ్చింది.